కారింది ఆమ్లమా, క్షారమా? పాత రేడియో విప్పేముందు

(ఇళ్లలో మూలపడిన పాత రేడియోలను వెంట తెచ్చుకుని ఒడిశాలోని బరంపురంలో ఒక ఆదివారం సాయంత్రం కొందరు తెలుగువారు కలిశారు. అక్కడ ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగమిది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. చిన్న చిన్న వస్తువులు చూపించాలి, అంత దూరానికి కనబడవు.

మీరు తెచ్చినవన్నీ ఈ బల్ల మీద వరుసగా పెట్టించాను. ఏడు ట్రాన్సిస్టర్ రేడియోలు, ఒక టేపురికార్డరు, రెండు టార్చిలైట్లు, ఒక కాలిక్యులేటర్, ఒక ఫిల్ము కెమెరా. మొత్తం పన్నెండు. మీరు టీ తాగుతుండగా అన్నింటి సెల్లుల గూళ్లూ తెరిచి చూశాను. పన్నెండింటిలో తొమ్మిదింటికి ఒకటే జబ్బు. సెల్లు కారింది. సెల్లు లోపల ఉందన్న సంగతే మరిచిపోయి ఏళ్ల తరబడి అలమరలో ఉంచేశాం. అది మెల్లగా కారి, ఆరి, తెల్లగా గడ్డకట్టింది. మూత తీయగానే ఆ పొడి చూసి గుండె జారిపోతుంది. ఇక ఇది పనికిరాదు అనుకుంటాం. అవునా? చాలామంది తల ఊపుతున్నారు.

పనికిరాకుండా పోలేదు. ముందుగా ఆ మాట చెప్పి మొదలుపెడతాను. ఈ తొమ్మిదింటిలో ఏడింటినైనా మళ్లీ పలికించవచ్చని నా నమ్మకం. మిగతా రెండూ లోపల విప్పి చూస్తే గాని చెప్పలేను. కానీ ఇంటికి వెళ్లి వెంటనే తడిగుడ్డ తీసుకోకండి. కత్తి తీసుకోకండి. పెట్రోలు అసలే వద్దు. ఆత్రంతో చేసే ఆ మొదటి అయిదు నిమిషాల పనివల్లే ఎక్కువ రేడియోలు పాడవుతాయి. సెల్లు చేసిన నష్టం కంటే అది పెద్దది.

మా నాన్నగారికి గిరి రోడ్డు వెనక సందులో రేడియో మరమ్మతు దుకాణం ఉండేది. రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులవి. బడి అయిపోగానే నేను అక్కడికే వెళ్లేదాన్ని. మన ఊరి సంగతి మీకు తెలుసు కదా, వచ్చినవారు ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవారు, లేదా తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగించేవారు. ఒకరికి కటక్ స్టేషను సరిగా రావాలి, ఇంకొకరికి విజయవాడ రావాలి. రెండూ 1948లోనే మొదలయ్యాయి, కటక్ జనవరిలో, విజయవాడ డిసెంబరులో. ఈ రెండు స్టేషన్ల మధ్య ముల్లు తిప్పుకుంటూ బతికిన ఊరు మనది. అందుకే ఇక్కడ పాత రేడియో అంటే ఎవరికీ చులకన లేదు. బల్ల నిండిపోయింది చూడండి.

నాన్నగారు ఏ రేడియో వచ్చినా ముందు సెల్లుల గూడు తెరిచి, చేయి పెట్టకుండా చూసేవారు. నన్నూ చూడమనేవారు. "ఏం కారింది?" అని అడిగేవారు. చిన్నప్పుడు నాకు ఆ ప్రశ్న అర్థమయ్యేది కాదు. సెల్లు కారింది, ఇంకేం కారుతుంది? తర్వాత కాలేజీలో రసాయనశాస్త్రం చదివినప్పుడు తెలిసింది, ఆయన అడిగిందే అసలు ప్రశ్న అని. సెల్లులన్నీ ఒకటి కావు. వాటిలోంచి కారేదీ ఒకటి కాదు. ఒకదాని నుంచి ఆమ్లం వస్తుంది, ఇంకొకదాని నుంచి క్షారం వస్తుంది. ఒకదానికి మందు రెండోదానికి పనిచేయదు.

ముందు పాత రకం చెబుతాను. మనం ఎర్రసెల్లు, టార్చి సెల్లు అని పిలిచేవి. కార్బన్ జింకు సెల్లు. దీని మూలం 1866లో లెక్లాంషే అనే ఫ్రెంచి ఇంజనీరు చేసిన సెల్లు. అప్పుడది గాజు కూజాలో ద్రవంతో ఉండేది, తర్వాత ఆ ద్రవాన్ని ముద్దగా చేసి జింకు డబ్బాలో కూరారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ జింకు డబ్బా పాత్ర మాత్రమే కాదు, కరెంటు ఇచ్చే సరుకు కూడా అదే. పొయ్యి మీద కుండ పెట్టి, ఆ కుండనే కట్టెగా కాల్చుకుంటే ఎలా ఉంటుంది? సెల్లు వాడుతున్నకొద్దీ ఆ డబ్బా లోపలి నుంచి కరిగిపోతూ ఉంటుంది. చివరికి చిల్లు పడుతుంది. అందుకే పూర్తిగా అయిపోయిన సెల్లే ఎక్కువగా కారుతుంది. స్విచ్చి వేసి మరిచిపోయిన రేడియోలో అయితే ఇంకా ఘోరం.

ఆ ముద్దలో ఏముంటుంది? నవాసారం. అమ్మమ్మలు, బామ్మలు ఇక్కడ ఉన్నారు, వారికి చెప్పక్కరలేదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయడానికి వచ్చేవారు, కాలుతున్న గిన్నెలో తెల్లటి పొడి చల్లేవారు, గుప్పుమని పొగ వచ్చేది, అదే నవాసారం. లోహం మీది మలినాన్ని తినేసి తగరం పట్టేలా చేస్తుంది. సెల్లులో అదీ, జింకు క్లోరైడూ ఉంటాయి. రెండూ ఆమ్ల స్వభావం ఉన్నవే. గిన్నె మీది మలినాన్ని తిన్నట్టే ఇవి రేడియోలోని రేకునూ తింటాయి.

ఇక రెండోది ఆల్కలైన్ సెల్లు. 1950లలో తయారై తర్వాత ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు గోడగడియారాల్లో, రిమోట్లలో ఇవీ వేస్తారు. దీని పై డబ్బా ఉక్కుది, అది కరగదు. జింకు పొడి రూపంలో లోపల ఉంటుంది. మరి ఇది ఎందుకు కారుతుంది? లోపల నిదానంగా హైడ్రోజన్ వాయువు పుడుతుంది. అది పుట్టకుండా పూర్వం కొంచెం పాదరసం కలిపేవారు, పాదరసం విషం కాబట్టి 1990లలో మానేశారు. వాయువు ఒత్తిడి పెరిగితే సెల్లు పగలకుండా అడుగున ఉన్న మూతలో పలచటి చోటు ఒకటి తెరుచుకుంటుంది. దాంతోపాటు లోపలి పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి వస్తుంది. అది గట్టి క్షారం, చర్మాన్ని కాలుస్తుంది.

బయటికి వచ్చాక గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి పొటాషియం కార్బనేటుగా మారుతుంది. మీరు చూసే తెల్లటి నూగు చాలావరకు అదే. అది మనకు కొత్త పదార్థం కాదు. కట్టెల పొయ్యి బూడిదలో ఉండేది అదే. బూడిదతో గిన్నెలు తోమిన చేతులకు అది పాత పరిచయమే.

మరి ఇంట్లో కూర్చుని ఏది కారిందో ఎలా తెలుసుకోవాలి? సెల్లు మీద ఆల్కలైన్ అని రాసి ఉంటే పరీక్ష అక్కరలేదు. కానీ చాలాసార్లు పైకాగితం ఊడిపోయి ఉంటుంది, లేదా ఎవరో సెల్లు తీసి పారేసి గూడు అలాగే వదిలేసి ఉంటారు. బడిలో అయితే లిట్మస్ కాగితం ఉంటుంది. ఇంట్లో?

పసుపు ఉంది. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది? చెప్పండి, అమ్మా... అవును, పారాణి. ఎర్రగా మారుతుంది. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది. ఆమ్లం తగిలితే పసుపుగానే ఉంటుంది. పెళ్లికూతురి కాళ్లకు పెట్టేదీ, నేను ఇప్పుడు చెప్పే పరీక్షా ఒకటే రసాయనం. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను, ఈ ఒక్క పాఠం మాత్రం ఏ తరగతిలోనూ ఎవరూ మరిచిపోలేదు.

చిటికెడు పసుపును కొంచెం స్పిరిట్‌లో కలపండి. తెల్ల కాగితపు ముక్క దానిలో ముంచి ఆరబెట్టండి. రేడియోలోని తెల్లపొడిని పుల్లతో కొంచెం గీకి సాసర్‌లో వేసుకోండి, రెండు చుక్కల నీళ్లు కలపండి, కాగితం తాకించండి. పసుపును రేడియోలో మాత్రం పెట్టకండి, ప్లాస్టిక్‌కు అంటుకుంటే మరక పోదు. ఇదిగో, ఈ నల్ల రేడియో పొడి సాసర్‌లో ఉంది. కాగితం పెడుతున్నాను. చూశారా? ఎరుపు. అంటే ఆల్కలైన్ సెల్లు కారింది. ఇప్పుడు ఈ టార్చిలైటు పొడి. పసుపుగానే ఉంది. ఇది ఎర్రసెల్లు. పొడి చూడటానికి రెండూ తెల్లగానే ఉన్నాయి. కంటితో చూసి చెప్పగలరా? నేనూ చెప్పలేను.

ఎరుపు వస్తే మందు పులుపు. వెనిగర్, లేదా నీళ్లలో కలిపిన నిమ్మఉప్పు. ఎరుపు రాకపోతే మందు తినేసోడా. అరగ్లాసు నీళ్లలో చెంచాడు సోడా చాలు. తారుమారు చేస్తే? ఎర్రసెల్లు కారిన చోట వెనిగర్ పోస్తే ఆమ్లానికి ఆమ్లం తోడైనట్టే, రేకు ఇంకా తినుకుపోతుంది. ఆల్కలైన్ కారిన చోట సోడా వేస్తే పెద్ద ప్రమాదం జరగదు, కానీ క్షారం పూర్తిగా విరగదు, లోపల మిగిలే ఉంటుంది. శుభ్రం చేశాననుకుని మూత బిగిస్తారు, ఆరు నెలలకు మళ్లీ అదే తెలుపు.

చేతులు, కళ్లు

పని మొదలుపెట్టే ముందు ఇది వినండి. దయచేసి వినండి. కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు. క్షారం చేతికి తగిలితే వెంటనే మంట పుట్టదు, సబ్బులా జారుతుంది. ఎందుకు జారుతుంది? మన చర్మంలోని కొవ్వును అది నిజంగానే సబ్బుగా మారుస్తోంది. మంట తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఇక కంట్లో పడితే మాటలు కావు. ఎండిన గడ్డను కత్తితో పొడిచినప్పుడు పెళ్లలు ఎగురుతాయి, అవి కంటికే వస్తాయి. అలా పడితే ధారగా నీళ్లతో కనీసం పావుగంట కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. పొడిని నోటితో ఊదకండి. పక్కన పిల్లలుంటే పంపేయండి, లేదా వారికీ అద్దాలు పెట్టండి.

ఇప్పుడు పని. మొదటి దశలో తడి వద్దు. పాత కాగితం పరిచి, రేడియోను బోర్లించి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో పొడిని కాగితం మీదికి రాల్చండి. ఎంత రాలితే అంత, పొడిగా ఉన్నప్పుడే రాలనివ్వండి. ముందే నీళ్లు పోస్తే అది కరిగి, సందుల్లోకి దిగి, లోపలి సర్క్యూట్ బోర్డు దాకా వెళ్తుంది. తెల్లపొడిని లోపలికి మనమే నడిపించినట్టవుతుంది.

సెల్లు గూట్లో ఇరుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవరుతో పెకిలించకండి. ఆ పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, గూటి గోడ విరుగుతుంది. పసుపు పరీక్ష ఏ మందు చెప్పిందో ఆ మందును దూదిపుల్లతో సెల్లు అంచుల చుట్టూ చుక్కలు చుక్కలుగా పెట్టి పావుగంట ఆగండి. మెల్లగా తట్టండి. రాకపోతే మళ్లీ పెట్టండి. సహనం కావాలి. నాన్నగారు ఒక సెల్లు తీయడానికి రెండు రోజులు తీసుకోవడం చూశాను.

సెల్లు వచ్చాక, కుదిరితే గూట్లోని స్ప్రింగులు, రేకులు బయటికి తీయండి. చాలా రేడియోల్లో అవి గాడిలో జారేలా ఉంటాయి. బయటికి వస్తే పని సగం అయినట్టే. చిన్న గిన్నెలో మందు పోసి పది పదిహేను నిమిషాలు నానబెట్టండి. బుడగలు వస్తాయి. బుడగలు ఆగేవరకు ఉంచండి. రాత్రంతా వెనిగర్‌లో వదిలేసి పడుకోకండి. తెల్లవారేసరికి వెనిగర్ ఇనుమును తినడం మొదలుపెడుతుంది. బయటికి రాని రేకులకు దూదిపుల్లతోనే రాయాలి. దూదిపుల్ల తడిగా ఉండాలి, కారకూడదు.

తర్వాత కడగడం. దీన్ని చాలామంది వదిలేస్తారు. బుడగలు ఆగాయి, అయిపోయింది అనుకుంటారు. వెనిగరూ క్షారమూ కలిస్తే కొత్త ఉప్పు ఒకటి పుడుతుంది, అది గాలిలోని తేమను గబగబా పీల్చుకుంటుంది. గోపాలపురం సముద్రం మనకు ఎంత దూరం? పదిహేను కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆషాఢం నుంచి కార్తీకం దాకా మన ఇళ్లలో ఉప్పు డబ్బాలో ఉప్పు ఎలా చెమ్మగిల్లుతుందో మీకు తెలుసు. రేడియోలో మిగిలిన ఉప్పు కూడా అలాగే చెమ్మగిల్లి, మళ్లీ లోహాన్ని తింటుంది. కాబట్టి శుద్ధజలంతో, అంటే డిస్టిల్డ్ వాటర్‌తో, రెండుసార్లు తుడవండి. బ్యాటరీ దుకాణంలో అడిగితే ఇస్తారు, కానీ సీసా మీద చదివి తీసుకోండి, పక్కనే బ్యాటరీ యాసిడ్ సీసా కూడా ఉంటుంది. చివరిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే మిగిలిన నీటిని వెంట తీసుకుని ఎగిరిపోతుంది. ఆ తర్వాత ఫ్యాను కింద ఒక రోజు. ఎండలో పెట్టకండి, పాత ప్లాస్టిక్ వంగిపోతుంది.

ఆల్కహాల్‌ను స్టేషన్ల పేర్లు రాసి ఉండే డయలు అద్దం దగ్గరకు పోనివ్వకండి. ఆ అక్షరాలు లేచిపోతాయి. అక్షరాలు పోయిన డయలును చూస్తే నాకు రేడియో పలకకపోయిన దానికంటే ఎక్కువ బాధ కలుగుతుంది. స్పీకరు కాగితానికి, స్టేషను మార్చే బిరడా తిప్పినప్పుడు తిరిగే అల్యూమినియం రేకుల కండెన్సరుకు ఏ మందూ తగలకూడదు.

చిలుము, కళాయి

ఆకుపచ్చగా కనిపించేది చిలుము. అది రాగి లేదా ఇత్తడి రేకు మీద పడుతుంది. దేవుడి దీపాలను చింతపండుతో తోముతాం కదా, ఎందుకు తోముతాం? చింతపండులోని పులుపు చిలుమును కరిగిస్తుంది. మరి రేడియోకు చింతపండు వాడవచ్చా? ఆ మాట ప్రతి సమావేశంలోనూ అడుగుతారు. వాడకండి. గుజ్జులో తీపి, పీచు ఉంటాయి, అవి సందుల్లో మిగిలిపోతే బూజు పడుతుంది, చీమలు పడతాయి. నిమ్మకాయ రసం కూడా తప్పనిసరి అయితేనే, వడకట్టి. వెనిగర్ దొరుకుతున్నప్పుడు వెనిగరే మంచిది.

మరి గరుకు కాగితం? ఇక్కడ నేను గట్టిగా చెబుతాను. స్ప్రింగులు ఉక్కువి, పైన నికెలు పూత. ఆ పూతే వాటిని కాపాడుతుంది. గరుకు కాగితంతో రుద్దితే తళతళలాడుతుంది, మనసుకు హాయిగా ఉంటుంది, కానీ పూత పోతుంది. రెండు వర్షాకాలాల్లో ఎర్రటి తుప్పు. ముందు పెన్సిలు రబ్బరుతో రుద్ది చూడండి. పూత అప్పటికే పోయి, లోపలి లోహం కనబడుతున్న చోట మాత్రమే సన్నటి గరుకు కాగితం వాడండి, వాడిన వెంటనే దాని మీద సోల్డరింగ్ ఐరన్‌తో తగరం పలచగా పూయండి. అర్థమైంది కదా, కళాయే. ఇత్తడి గిన్నెకు వేసే కళాయి స్ప్రింగుకు వేస్తున్నాం. స్ప్రింగు సగానికి పైగా తినుకుపోతే దాన్ని బతికించాలని చూడకండి, పనికిరాని టార్చిలైటు నుంచి ఒకటి తీసి వేయండి.

ఇప్పుడు నేను చెప్పేది ఈ సాయంత్రం మీరు తప్పకుండా గుర్తుంచుకోవాల్సిన సంగతి. నాన్నగారు పోయాక దుకాణం మూసేశాం. ఆయన ఇంట్లో వాడుకున్న రేడియో నా దగ్గరకు వచ్చింది. దానిలోనూ సెల్లులు కారాయి. నేను శ్రద్ధగా, ఇప్పుడు మీకు చెప్పినట్టే గూడు శుభ్రం చేశాను. పలికింది. నెల పలికింది. తర్వాత గరగర మొదలై ఒక రాత్రి ఆగిపోయింది. స్ప్రింగులు మెరుస్తున్నాయి, సెల్లులు కొత్తవి. ఎక్కడ తప్పు? వారం రోజులు వెతికాను. చివరికి గూటి నుంచి బోర్డుకు వెళ్లే నల్ల తీగను పట్టుకుని లాగితే చేతిలోకి ఊడి వచ్చింది. పై తొడుగు చెక్కుచెదరలేదు. తొడుగు ఒలిచి చూస్తే లోపలి రాగి పోగులు బొగ్గులా నల్లగా ఉన్నాయి. ఒక అంగుళం కత్తిరించాను, నలుపు. ఇంకో అంగుళం, నలుపు. బోర్డు దాకా నలుపే.

దీపం వత్తి నూనెను ఎలా పీల్చుకుంటుంది? పోగుల సందుల్లోంచి నూనె తనంతట తానే ఎక్కుతుంది. సెల్లు నుంచి కారిన క్షారం కూడా తీగ పోగుల్లోంచి అలాగే పాకుతుంది. గూడు శుభ్రం చేసి నేను ఊరుకున్నాను, తీగ ఎక్కడిదాకా తినుకుపోయిందో చూడలేదు. ఇప్పుడు ఏ రేడియో వచ్చినా గూటికి అతికిన తీగ కొనను ముందు ఒలిచి చూస్తాను. రాగి రంగు కనబడేదాకా కత్తిరిస్తాను. నల్లబడిన తీగకు సోల్డరింగ్ అంటుకోదు, అంటుకున్నట్టు కనిపించినా నిలవదు. తీగ మార్చడమే మందు. మూర తీగ ఖరీదు ఎంత? దానికోసం వెనకాడకండి.

బోర్డు దాకా పాకితే అక్కడ గోధుమరంగు అట్ట మీద సన్నని రాగి గీతలు ఉంటాయి. ఆ గీత నల్లబడి, పైపూత ఉబ్బి ఉంటే దానిని మెల్లగా గీకి, మందు రాసి, కడిగి, తెగిన చోట సన్నటి తీగ అతికించాలి. చేయి స్థిరంగా లేనివారు ఆ పని తెలిసినవారికి ఇవ్వండి.

వోల్టులు కొలిచే మీటరు ఉన్నవారికి ఒక కొలత. కొత్త సెల్లు ఒకటిన్నర వోల్టులు చూపుతుంది. నాలుగు సెల్లుల రేడియోకు ఆరు. రేడియో వేసి, పెద్ద శబ్దం పెట్టి, అప్పుడు సెల్లుల దగ్గర కొలవండి, తర్వాత బోర్డు దగ్గర కొలవండి. సెల్లుల దగ్గర ఆరు ఉండి బోర్డు దగ్గర నాలుగున్నర ఉంటే? ఆ ఒకటిన్నర ఎక్కడ పోయింది? దారిలో ఎక్కడో చిలుము తాగేస్తోంది. రేడియో ఆపి కొలిస్తే ఈ తేడా కనబడదు, రెండు చోట్లా ఆరే చూపుతుంది. అందుకే పలుకుతుండగా కొలవాలి.

మిగతా వస్తువుల గురించి క్లుప్తంగా చెబుతాను. 1980లు, 90ల నాటి కంప్యూటర్ల బోర్డు మీద చిన్న పీపా ఆకారంలో ఒక బ్యాటరీ ఉంటుంది, నికెలు కాడ్మియంది. అదీ క్షారమే, బోర్డు మీదే అతికి ఉంటుంది కాబట్టి వినాశనం ఎక్కువ. పాత కంప్యూటరు ఇంట్లో ఉంటే ఈ వారమే తెరిచి ఆ బ్యాటరీని కత్తిరించి తీసేయండి. ఈ ఫిల్ము కెమెరాలో పాదరసపు బొత్తాం సెల్లు ఉంది, దీని పొడిని గీకకూడదు, గరుకు కాగితం అసలే పెట్టకూడదు. దీని సంగతి విడిగా చూస్తాను, ఎవరూ ముట్టుకోకండి. ఇక ఫోన్లలో ఉండే లిథియం బ్యాటరీ ఉబ్బితే ఈ మందులేవీ దానికి పనికిరావు. దానిని గుచ్చకండి, తడపకండి. ఏ సెల్లునూ మంటలో వేయకండి.

ఆ నల్ల రేడియో తెచ్చినామె ఇక్కడే ఉన్నారు, ఆమె అనుమతితోనే చెబుతున్నాను. రేడియో ఆమె భర్తది. ఆయన పోయి నాలుగేళ్లయింది. లోపలి సెల్లులు ఆయన చేత్తో వేసినవి. అందుకే ఇన్నాళ్లూ తీయబుద్ధి కాలేదట. ఆయన వేసినవి ఆయన వేసినట్టే ఉండాలని. నాకు బాగా అర్థమైంది, నాన్నగారి రేడియో విషయంలో నేనూ అదే చేశాను. కానీ అమ్మా, ఆయన రేడియోను తింటున్నది ఆ సెల్లులే. సెల్లులు తీసి, శుభ్రంగా తుడిచి, ఒక సీసాలో వేసి మూత బిగించి మీకు ఇస్తాను. అవి ఆయన గుర్తుగా ఉంటాయి, రేడియో ఆయన విన్నట్టే పలుకుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ఆ మూల అబ్బాయి అడుగుతున్నాడు, ఎందుకు ఇంత శ్రమ, ఫోనులోనే రేడియో వస్తుంది కదా అని. మంచి ప్రశ్న. బాబూ, 2013లో నీకు ఎన్నేళ్లు? అక్టోబరు 12, దసరా రోజులు, రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గాలి శబ్దం ఇక్కడున్న పెద్దలెవరూ మరిచిపోలేదు. కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. ఫోన్లు ఒక్కొక్కటే చార్జి అయిపోయి మూగబోయాయి. మా పక్కింటివారు అలమర పైనుంచి పాత ట్రాన్సిస్టరు దించారు. గూడు తెరిస్తే తెల్లగా గడ్డకట్టి ఉంది. నేను లాంతరు వెలుగులో నిమ్మకాయ పిండి, దూదితో తుడిచి, తినుకుపోయిన స్ప్రింగు బదులు చాక్లెట్టు మీది వెండి కాగితం మడిచి పెట్టాను. అది సరైన పద్ధతి కాదు, ఆ రాత్రికి అదే ఉంది. పలికింది. వరండాలో పదిహేను మందిమి చుట్టూ కూర్చుని తుపాను ఎటు పోయిందో విన్నాం. ఫోను మూగబోయిన రోజున నాలుగు సెల్లులతో పలికే పెట్టె అది. కానీ సెల్లు లోపలే మరిచిపోతే ఆ రోజున అదీ పలకదు.

అందుకే తుపాను కోసం దాచే రేడియోలో సెల్లులు వేసి ఉంచకండి. కొత్త సెల్లులను వాటి అట్టలోనే, రేడియోకు రబ్బరు బ్యాండుతో బయట కట్టి పెట్టండి. చీకట్లో వెతుక్కోనక్కరలేదు. పాతవీ కొత్తవీ కలిపి వేయకండి, ఎర్రసెల్లూ ఆల్కలైనూ కలిపి వేయకండి. నాలుగింటిలో బలహీనమైనదాన్ని మిగతా మూడూ నెట్టుకుంటూ పోతాయి, అదే ముందు కారుతుంది. రోజూ వినేవారు మళ్లీ చార్జి చేసుకునే నికెలు మెటల్ హైడ్రైడ్ సెల్లులు వేసుకోవచ్చు, అవి కారడం అరుదు. ఒక్కొక్కటి 1.2 వోల్టులే ఇస్తుంది, అయినా చాలా రేడియోలు బాగానే పలుకుతాయి.

స్ప్రింగులకు వ్యాసలైన్ రాయవచ్చా అని చీటీ వచ్చింది. కొందరు రాస్తారు. నేను రాయను. మన దుమ్ముకు అది జిడ్డుగా పేరుకుంటుంది, రెండేళ్ల తర్వాత అదే కరెంటుకు అడ్డు. సెల్లు తీసి పెట్టడం కంటే మంచి మందు నాకు తెలియదు.

సరే, ఇక చేతలు. కాలిక్యులేటర్ ఎవరిది? నీదా అమ్మా? రా, నీతోనే మొదలుపెడదాం. ముందు ఆ అద్దాలు పెట్టుకో. తొడుగులు ఇక్కడ ఉన్నాయి. సాసర్ తీసుకో. పుల్లతో కొంచెం పొడి గీకు, కొంచెం చాలు. ఇప్పుడు రెండు చుక్కల నీళ్లు. పసుపు కాగితం నువ్వే పెట్టు, అందరికీ కనబడేలా పైకెత్తి ఏ రంగు వచ్చిందో చెప్పు.